సర్టిఫికెట్ షాపులో పెట్టమంటున్నారు. కౌన్సిల్, డ్రగ్ కంట్రోల్, అసోసియేషన్ వీళ్లలో ఎవరు ఏంటి?

కొత్త_ఫార్మసిస్టు:

అందరికీ నమస్కారం. బీఫార్మసీ అయి ఏడాది దాటింది, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నా. మాది కోస్తాలో ఒక మండల కేంద్రం. హైదరాబాద్‌లో రెండు మందుల కంపెనీలకి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చా, వాళ్లిస్తానన్న జీతం హాస్టల్‌కీ బస్సుకీ సరిపోతుంది, అంతే. ఇంటికొచ్చేశా.

ఇప్పుడు మా నాన్నకి తెలిసిన ఒకాయన కొత్తగా మెడికల్ షాపు పెడుతున్నాడు. "నీ సర్టిఫికెట్ పెట్టమ్మా, నువ్వు రోజూ రానక్కర్లేదు, నెలకి ఐదు వేలు నీ ఖాతాలో వేస్తా" అన్నాడు. రేపు పెళ్లయి ఎక్కడికి వెళ్లినా సర్టిఫికెట్ ఇక్కడే సంపాదించి పెడుతుందట. నాన్నకి ఆ మాట బాగా నచ్చింది. ఒరిజినల్ కూడా తీసుకెళ్లి ఆయనకి ఇచ్చేశారు, చూసి ఇస్తానన్నాడని.

ఈలోపు నాకు ఇంకో ఆలోచన వచ్చింది, ఎవరికో పెట్టే బదులు నేనే చిన్న షాపు పెట్టుకుంటే ఎలా ఉంటుంది అని. అది తెలిసి మందుల షాపుల సంఘం మనిషి ఒకాయన ఇంటికొచ్చి, మా సంఘంలో చేరి మా దగ్గర నోఆబ్జెక్షన్ తీసుకోకపోతే లైసెన్సే రాదు అని చెప్పి వెళ్లాడు. నిజమేనా? కాలేజీలో జూరిస్‌ప్రుడెన్స్ (ఫార్మసీ చట్టాల పాఠం) చదివాను, 1940 చట్టం, 1948 చట్టం, బోలెడు ఫారాలు, పరీక్ష రాసిన రాత్రే మర్చిపోయాను. పీసీఐ (ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా), స్టేట్ కౌన్సిల్, డీసీఏ (రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ శాఖ), ఐపీఏ (ఫార్మసిస్టుల వృత్తి సంఘం), ఈ సంఘాలు... వీళ్లలో ఎవరి మాట వినాలి, ఎవరి మాట వినకపోయినా పర్లేదు? దయచేసి సీనియర్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

---

కౌంటర్_వెనకాల:

చెల్లీ, ముందు ఒక్క ముక్క. నీ పేరు కౌన్సిల్ చేతిలో ఉంటుంది, షాపు డ్రగ్ కంట్రోల్ చేతిలో ఉంటుంది, సంఘం చేతిలో రసీదు పుస్తకం తప్ప ఏమీ ఉండదు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాది దానంతట అదే అర్థమవుతుంది.

1948 ఫార్మసీ చట్టం మన గురించి. అంటే మనుషుల గురించి. ఢిల్లీలో ఉండే పీసీఐ ఏ కాలేజీకి గుర్తింపు ఇవ్వాలి, సిలబస్ ఏంటి, ట్రైనింగ్ ఎన్ని గంటలు అన్నది చూస్తుంది. నీ షాపుతో దానికి నేరుగా పనిలేదు. రాష్ట్ర కౌన్సిల్ పని రిజిస్టర్ నడపడం. ఆ రిజిస్టర్‌లో పేరు ఎక్కితేనే రిజిస్టర్డ్ ఫార్మసిస్టువి, అప్పటిదాకా డిగ్రీ ఉన్న మనిషివి, అంతే. రెన్యువల్ తేదీ మర్చిపోయి రిజిస్టర్‌లోంచి పేరు పోగొట్టుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు, అందులో ఒకడు నా బ్యాచ్‌మేటే.

1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945 రూల్స్, ఇవి మందుల గురించి, షాపుల గురించి. వీటిని రాష్ట్రంలో చూసేది డీసీఏ. రిటైల్ షాపుకి మామూలుగా రెండు లైసెన్సులు, ఫారం 20, ఫారం 21. వ్యాక్సిన్లు, ఇన్సులిన్, ఇంజెక్షన్లలాంటివి 21 కిందకి వస్తాయి. పది చదరపు మీటర్ల జాగా, ఫ్రిజ్, అద్దె కాగితాలు, ఫార్మసిస్టు సర్టిఫికెట్, ఆ ఫార్మసిస్టు అంగీకార పత్రం అడుగుతారు. ఒకసారి వచ్చాక లైసెన్సు రద్దు చేసేదాకా నడుస్తుంది, 2017లో రూల్ మార్చారు, ఇప్పుడు ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు (లైసెన్సు నిలబెట్టుకునే ఫీజు) కడితే చాలు. గమనించు, ఈ కాగితాల్లో సంఘం ఉత్తరం ఎక్కడా లేదు. కంపెనీల సరుకు షాపులకి అమ్మే స్టాకిస్టులు కావాలనుకునేవాళ్లని సంఘాలు ఇలాగే నోఆబ్జెక్షన్ తెమ్మని సతాయిస్తుంటే 2013లో కాంపిటిషన్ కమిషన్ అది తప్పని తేల్చింది కూడా. సంఘంలో చేరాలనిపిస్తే చేరు, అది వేరే సంగతి.

ఇక "నువ్వు రానక్కర్లేదు" అన్న మాట. 65వ రూల్ చెప్పేదేంటంటే డాక్టర్ చీటీ మీద ఇచ్చే ఏ మందైనా రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఇవ్వాలి, లేదా ఫార్మసిస్టు దగ్గరుండి చూస్తుండగా ఇవ్వాలి. ఫార్మసీ చట్టం 42వ సెక్షన్‌దీ ఇదే గోల. నువ్వు ఇంట్లో ఉంటే అక్కడ మందు ఇచ్చేది టెన్త్ చదివిన కుర్రాడు. ఆల్ప్రజోలం, ట్రమడాల్, కొన్ని యాంటీబయాటిక్స్ షెడ్యూల్ హెచ్1 అనే గట్టి నిఘా ఉన్న మందుల జాబితాలో ఉన్నాయి, వాటికి ప్రత్యేక రిజిస్టర్, అందులో డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చాం అన్నీ రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టర్ రాసేది కూడా ఆ కుర్రాడే, సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని గుర్తొచ్చిన పేర్లతో. లైసెన్సు మీద ఉన్నది మాత్రం నీ పేరు.

ఒరిజినల్ తెచ్చేసుకో. ఈరోజే.

---

ఓనర్_మాట:

అందరూ నన్ను తిట్టుకున్నా పర్లేదు, నిజం చెప్తా. నేను ఇలాగే పెట్టా షాపు, పదకొండేళ్లయింది. ఫార్మసిస్టుని రోజంతా కూర్చోబెట్టుకోవాలని నాకూ ఉంది, ఎక్కణ్ణుంచి ఇవ్వమంటారు జీతం? ఎన్‌పీపీఏ (మందుల ధరలు కట్టే కేంద్ర సంస్థ) ధర కట్టిన మందుల మీద రిటైలర్‌కి 16 శాతం మార్జిన్, మిగతావాటి మీద 20 అంటారు. ఎదురుగా చెయిన్ షాపువాడు 20 శాతం తగ్గింపు అని బోర్డు పెట్టాడు, కస్టమర్ నన్నూ అదే అడుగుతాడు. పది శాతం తగ్గించి, కరెంటు కట్టి, కుర్రాడికి ఇచ్చి, ఎక్స్‌పైరీ సరుకు కంపెనీ వెనక్కి తీసుకోక అటకమీద పడుంటే... నా లెక్కలు నాకే భయమేస్తాయి.

ఇంకోటి, సంఘాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఎక్స్‌పైరీ సరుకు వాపసు గురించి కంపెనీలతో కొట్లాడేది సంఘమే. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2017 మే 30న దేశమంతా షాపులు మూసింది మా అఖిల భారత సంఘం ఏఐఓసీడీ పిలుపు మీదే. మా లాంటివాళ్లకి మాట్లాడే నోరు అదొక్కటే. అయితే లైసెన్సుకి సంఘం ఉత్తరం కావాలనడం మాత్రం అబద్ధం, ఆ విషయంలో పైన చెప్పినాయన కరెక్టు.

---

కౌంటర్_వెనకాల:

అన్నా, మీ కష్టం నాకు తెలియనిదేం కాదు, నాదీ అలాంటి షాపే. కానీ మీ మార్జిన్ తక్కువైతే దాని రిస్కు ఆ అమ్మాయి పేరు మీద ఎందుకు పడాలి? రేపు ఏదైనా జరిగితే నోటీసు ఆమెకీ వస్తుంది కదా.

---

రిటైర్డ్_డీఐ:

నేను డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కడ అన్నది అనవసరం.

ఒక షాపుకి వెళ్లాను, ఫార్మసిస్టు ఏదమ్మా అంటే భోజనానికి వెళ్లిందండి అన్నారు. సరే, పదకొండున్నరకి భోజనమేంటి అనుకుని వచ్చేశాను. నాలుగు నెలల తర్వాత వెళ్తే మళ్లీ భోజనమే. మూడోసారి వెళ్లినప్పుడు నేనూ కూర్చున్నాను, రానీయండి చూసే వెళ్తాను అని. సాయంత్రం నాలుగింటికి ఓనరే మెల్లిగా చెప్పాడు, ఆ అమ్మాయి రెండేళ్లుగా మస్కట్‌లో భర్త దగ్గర ఉందని. ఆ అమ్మాయికి తన పేరు ఇంకా ఆ లైసెన్సు మీద ఉన్న సంగతే తెలియదు. నెల నెలా వచ్చే డబ్బు కూడా ఏడాది క్రితమే ఆపేశాడట.

కాబట్టి తల్లీ, నీకు రెండు విషయాలు. మొదటిది, 2015లో పీసీఐ తెచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చదువు. తెల్లకోటు, పేరు బ్యాడ్జీ గురించే అందరికీ గుర్తుంటుంది, కానీ అందులో దుష్ప్రవర్తన కింద రాసినవాటిలో పని చేసే ఉద్దేశం లేకుండా షాపుకి సర్టిఫికెట్ ఇవ్వడం కూడా ఉంది. దానికి సాక్ష్యంగా అఫిడవిట్లు, బ్యాంకు లావాదేవీలు చూడొచ్చు. నీ ఖాతాలో వేస్తానన్న ఆ ఐదు వేలే రేపు నీ మీద సాక్ష్యం. సంజాయిషీ విని, తప్పు తేలితే రిజిస్టర్‌లోంచి పేరు తీసేసే అధికారం రాష్ట్ర కౌన్సిల్‌కి ఉంది. షాపు ఓనర్‌కి లైసెన్సు పోతే ఇంకొకరి పేరు మీద ఇంకో షాపు. నీకు పేరు పోతే నాలుగేళ్ల చదువు పోయినట్టే.

రెండోది, నువ్వే షాపు పెట్టేటట్టయితే బిల్లుల సంగతి. ఇన్‌స్పెక్టర్ వచ్చి శాంపిల్ తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేస్తాడు, ఒకటి నీకే ఇస్తాడు, ఒకటి ప్రభుత్వ ల్యాబుకి పోతుంది, ఒకటి కోర్టు కోసం, ఒకటి నువ్వు ఎవరి దగ్గర కొన్నానని చెప్తావో వాళ్లకి. రిపోర్టులో మందు నాసిరకం అని వస్తే చాలామంది చిన్న షాపులవాళ్లు వణికిపోతారు. భయం అక్కర్లేదు. లైసెన్సున్న డీలర్ దగ్గర బిల్లుతో కొన్నావు, కంపెనీ ఎలా పంపిందో అలాగే జాగ్రత్తగా ఉంచావు, అది చెడ్డ సరుకని తెలుసుకునే అవకాశం నీకు లేదు అని చూపించగలిగితే చట్టమే నిన్ను కాపాడుతుంది, 19వ సెక్షన్‌లో ఉంది. బిల్లు లేకుండా రెండు రూపాయలు తక్కువకి సంచిలో తెచ్చి అమ్మేవాడి దగ్గర కొన్నావా, ఆ రక్షణ లేదు. ఎవరి దగ్గర కొన్నావో చెప్పమని అడిగితే చెప్పి తీరాలి కూడా.

అందరూ ఢిల్లీవాళ్లు ఏం చేస్తున్నారు అని అడుగుతుంటారు. సీడీఎస్‌సీఓ అనే కేంద్ర మందుల నియంత్రణ సంస్థ, దాని మీద డీసీజీఐ అనే పెద్ద అధికారి, వాళ్లది కొత్త మందులకి అనుమతి, క్లినికల్ ట్రయల్స్, దిగుమతులు. షాపు లైసెన్సులూ, చాలావరకు తయారీ లైసెన్సులూ రాష్ట్రాలవే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు దగ్గు సిరప్ తాగి చనిపోయారు కదా, ఆ సిరప్ తయారైంది తమిళనాడులోని కాంచీపురంలో. అక్కడి ల్యాబు పరీక్షలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు ద్రావకం 48.6 శాతం తేలింది, ఉండకూడనిది, 0.1 శాతం దాటితేనే తప్పు. ఒక రాష్ట్రం లైసెన్సిచ్చింది, ఇంకో రాష్ట్రంలో పిల్లలు పోయారు, మూడో రాష్ట్రంవాళ్లు మా దగ్గర అమ్మొద్దని అలర్టులు పంపారు. ఆ అలర్టు చదివి అరలోంచి సీసా తీసి పక్కన పెట్టేది ఎవరమ్మా? కౌంటర్‌లో ఫార్మసిస్టు ఉంటే ఫార్మసిస్టు. లేకపోతే ఎవరూ లేరు.

---

కొత్త_ఫార్మసిస్టు:

సార్, చదివాక చేతులు వణికాయి. ఆ మస్కట్ అమ్మాయి స్థానంలో నన్నే ఊహించుకున్నా. ఒక అనుమానం, నేను ఇంకా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, ఆయన దగ్గర ఒరిజినల్ ఉంది, జిరాక్సులు తీసుకుని ఉండొచ్చు. దాంతో నాకు తెలియకుండా లైసెన్సుకి పెట్టేస్తే? ఇంకోటి, నాకు తెలంగాణ సంబంధం చూస్తున్నారు, అటు వెళ్తే ఈ రిజిస్ట్రేషన్ పనికొస్తుందా?

---

రిటైర్డ్_డీఐ:

ఒరిజినల్ తెచ్చుకున్న రోజే ఒక లెటర్ రాయి. ఫలానా నంబరు రిజిస్ట్రేషన్ నాది, ఏ షాపులోనూ పని చేయడానికి నేను అంగీకారం ఇవ్వలేదు, నా పేరుతో దరఖాస్తు వస్తే నన్ను అడగకుండా ముందుకు వెళ్లొద్దు అని. మీ జిల్లా డీసీఏ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసులో ఒకటి ఇవ్వు, కౌన్సిల్‌కి ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపు. ఇందులో గొడవ పడాల్సిందేం లేదు, ఎవరి మీదా ఫిర్యాదు కాదు ఇది.

తెలంగాణకి వెళ్తే అక్కడి కౌన్సిల్ వేరు. ఇక్కడి కౌన్సిల్ నుంచి కాగితం తీసుకుని అక్కడ రిజిస్టర్ చేయించుకోవాలి. పెళ్లి హడావిడిలో ఇది వదిలేసేవాళ్లే ఎక్కువ.

---

పాఠాలు_చెప్పే_అక్క:

నేను ఒక ఫార్మసీ కాలేజీలో చెప్తాను. జూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష రాత్రే మర్చిపోయా అన్నావు చూడు, ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పు మాదే కావచ్చు, సెక్షన్ నంబర్లు బట్టీ పట్టిస్తాం గానీ లైసెన్సు ఫారం ఎలా ఉంటుందో ఒక్కరికీ చూపించం.

ఎవరూ ఐపీఏ గురించి రాయలేదు కాబట్టి నేను రాస్తా. ఇండియన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ 1939 నాటిది. దాని వెనక బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువుని మొదలుపెట్టిన మహాదేవ లాల్ ష్రాఫ్ గారున్నారు, ఆయన పుట్టినరోజు మార్చి 6ని ఫార్మసీ విద్యా దినంగా జరుపుతాం. ఇది షాపుల ఓనర్ల సంఘం కాదు, వృత్తి సంఘం. ఫార్మసిస్టులు, కంపెనీల్లో పనిచేసేవాళ్లు, లెక్చరర్లు, అందరూ ఉంటారు. నవంబర్‌లో ఫార్మసీ వీక్ చేస్తుంది, జర్నల్ వేస్తుంది, ట్రైనింగులు పెడుతుంది. మా లెక్చరర్లకి ఏపీటీఐ అని వేరే సంఘం ఉంది. వీటిలో సభ్యత్వం లేదని ఎవరూ నీ లైసెన్సు ఆపలేరు, సభ్యత్వం ఉందని ఎవరూ లైసెన్సు ఇవ్వరు కూడా. కానీ నీలా మండల కేంద్రంలో ఒంటరిగా పనిచేసేవాళ్లకి అడగడానికి ఒక సీనియర్ ఉండాలంటే దొరికేది ఇలాంటిచోటే. నిజం చెప్పాలంటే మన దగ్గర చాలా చోట్ల ఈ సంఘాలు శాలువాలు కప్పుకోవడం దగ్గరే ఆగిపోయాయి, అదీ ఒప్పుకుంటా.

పీసీఐకీ, సాంకేతిక విద్య చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈకీ కాలేజీల మీద పెత్తనం ఎవరిదని చాలా ఏళ్లు గొడవ నడిచింది, 2020లో సుప్రీంకోర్టు ఫార్మసీ చదువు విషయంలో పీసీఐదే అని తేల్చింది. డిప్లొమా పిల్లలకి 2022 రెగ్యులేషన్స్‌తో ఎగ్జిట్ పరీక్ష పెట్టింది కూడా పీసీఐనే. చదువు వరకు గట్టిగానే ఉంటున్నారు, చదువయ్యాక ఆ పిల్ల కౌంటర్‌లో కూర్చుందా లేదా అన్నది చూసే నాథుడే తక్కువ.

ఇంకో మాట, రాష్ట్ర కౌన్సిల్‌లో ఆరుగురు సభ్యులని రిజిస్టర్డ్ ఫార్మసిస్టులే ఓటేసి ఎన్నుకోవాలని చట్టంలో ఉంది. నీకు ఓటుంది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

---

జెర్సీ_తెలుగోడు:

ఇక్కడ అమెరికా గురించి ఎందుకు అంటారేమో, కానీ తేడా చూస్తే మన దగ్గర సమస్య ఎక్కడుందో తెలుస్తుందని రాస్తున్నా. ఇక్కడ స్టేట్ బోర్డ్ ఆఫ్ ఫార్మసీ అని ఒకటే ఆఫీసు, ఫార్మసిస్టు లైసెన్సూ అదే ఇస్తుంది, షాపు లైసెన్సూ అదే ఇస్తుంది. బోర్డు ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫార్మసిస్టు లేకుండా కౌంటర్ తెరిచి ఉందని చూస్తే రెండు లైసెన్సుల మీదా ఆ ఒక్క ఆఫీసే చర్య తీసుకుంటుంది. మన దగ్గర షాపు ఒకరిది, మనిషి ఇంకొకరిది. డీసీఏవాళ్లు షాపుకి నోటీసిచ్చి ఊరుకుంటారు, ఆ సంగతి కౌన్సిల్ దాకా వెళ్తుందో లేదో తెలియదు. కౌన్సిల్ తన ఇన్‌స్పెక్టర్లని పెట్టుకోవచ్చని ఫార్మసీ చట్టంలోనే ఉంది, కానీ వాళ్లు షాపుకొచ్చి అడిగినట్టు నేను మా ఊళ్లో ఒక్కరి దగ్గరా వినలేదు.

చెల్లీ, నువ్వు ఎప్పుడైనా ఇటు రావాలనుకుంటే ఒక సంగతి ముందే తెలుసుకో, చాలామంది వచ్చాక తెలుసుకుని ఏడ్చారు. 2003 జనవరి 1 తర్వాత చదువు పూర్తి చేసినవాళ్లకి అయిదేళ్ల కోర్సు ఉంటేనే ఎన్‌ఏబీపీవాళ్లు (ఇక్కడి ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం) ఎఫ్‌పీజీఈఈ అనే విదేశీ ఫార్మసిస్టుల పరీక్షకి ఒప్పుకుంటారు. మన నాలుగేళ్ల బీఫార్మసీకి ఆ దారి మూసుకుపోయినట్టే, ఆరేళ్ల ఫార్మ్‌డీ వాళ్లకి తెరిచే ఉంది. నేను ఫార్మ్‌డీ, అయినా ఆ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష, ఇంటర్న్‌షిప్ గంటలు, నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, లా పరీక్ష అన్నీ అయ్యేసరికి నాలుగేళ్లు పట్టింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న కాగితాన్ని ఎవరికైనా అద్దెకిస్తానా అని ఇప్పుడు నవ్వొస్తుంది, ఇండియాలో ఉన్నప్పుడు నా ఫ్రెండ్స్‌లో సగంమంది ఇచ్చారు.

---

ఓనర్_మాట:

సార్ మస్కట్ కథ చదివాక రెండు రోజులు నిద్రపట్టలేదు. నా దగ్గర సర్టిఫికెట్ పెట్టినమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నిన్న ఫోన్ చేసి కనుక్కున్నా. బెంగళూరులో ఉందట. ఆ లైసెన్సు మీద పేరు మార్పించాలంటే ఎవరిని కలవాలి?

---

రిటైర్డ్_డీఐ:

ముందు కొత్త ఫార్మసిస్టుని చూసుకో, నిజంగా షాపులో కూర్చునేవాళ్లని. తర్వాత మార్పు కోసం అదే ఏడీ ఆఫీసు. పాతమ్మాయి రాజీనామా లెటర్, కొత్తవాళ్ల సర్టిఫికెట్, అంగీకారం. ఎవరూ లేని రోజుల్లో ప్రిస్క్రిప్షన్ మందులు అమ్మకు, నీ మంచికే చెప్తున్నా.

---

కొత్త_ఫార్మసిస్టు:

అందరికీ థాంక్స్. ఒరిజినల్ తెచ్చుకున్నా. నాన్నని వెంట తీసుకెళ్లా, ఆ షాపాయన చాలా కోపంగా ఉన్నాడు, "ఊళ్లో నీకొక్కదానికే చట్టాలు తెలుసా" అన్నాడు. రోజూ వచ్చి కూర్చుంటాను, నెలకి పద్నాలుగు వేలివ్వండి అన్నా. ఆలోచిస్తా అన్నాడు. ఆలోచించడు, నాకు తెలుసు. నాన్న దారిలో ఏమీ మాట్లాడలేదు గానీ ఇంటికొచ్చాక మా వీధి చివర ఖాళీగా ఉన్న గది కొలిచి వచ్చారు. పదడుగులు ఇంటూ పన్నెండడుగులు ఉంది. సరిపోతుందా? లెటర్ రాసేశా, శుక్రవారం ఏడీ ఆఫీసుకి వెళ్తున్నా.

---

కౌంటర్_వెనకాల:

నూట ఇరవై చదరపు అడుగులు, పది చదరపు మీటర్లంటే నూట ఎనిమిదికి దగ్గర, సరిపోతుంది. కానీ గోడల లోపలి కొలతేనా చూసుకో. లెటర్‌కి రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ వేయించుకో. మధ్యాహ్నం వెళ్లకు, భోజనానికి వెళ్లారంటారు.